ఏ ముందు?

ఆ వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్ళంతా మొదటి వారంలో ఒక పొరపాటు చేస్తారు. పూతల విభాగంలో పనిచేసే పెద్దావిడను అందరూ 'ఏముందక్కా, ఏముందక్కా' అని పిలుస్తుంటే, ఈవిడ దేనికీ కంగారుపడని మనిషనీ, ఏ కష్టమొచ్చినా 'ఆఁ, ఏముందిలే' అని కొట్టిపారేస్తుందనీ అనుకుంటారు. అంతకంటే తప్పు ఇంకొకటి లేదు. గ్యాసు కట్టేశానో లేదో అని సగం దారిలోంచి ఇంటికి వెనక్కి నడిచే మనిషి ఆవిడ. ఆ పేరును విడదీసి పలకాలి. 'ఏ ముందు?' అని. అది పేరు కాదు, ప్రశ్న. ఆ ప్రశ్న ఆవిడ నోటికి ఎలా అంటుకుందో చెప్పాలంటే ఒక వారం సంగతి చెప్పాలి. ఆ వారంలో బుధవారం నుంచి శుక్రవారం దాకా ఆవిడకు ముద్ద గొంతు దిగలేదు.

అంతకు మునుపు ఆవిడ పేరు భూతద్దం అక్క. పద్దెనిమిదేళ్ళుగా ఆ షెడ్డులో ఆవిడ కన్ను పడకుండా బయటికి పోయిన ముక్క లేదు. ప్రతిదాన్నీ కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, నచ్చితేనే లాటు చీటీ మీద తన స్టాంపు గుద్దేది. ఆ స్టాంపును తాడు కట్టి మెళ్ళో వేసుకుని తిరిగేది. దాని మీద ఆవిడకు కాస్త మిడిసిపాటు ఉండేదన్న మాట కూడా ఒప్పుకోవాలి.

అక్కడ చేసేవి పడవలకూ లాంచీలకూ వేసే అల్యూమినియం సామాన్లు. అల్యూమినియం చూడ్డానికి బుద్ధిమంతురాలే గానీ, ఉప్పుగాలి తగిలిందంటే తెల్లటి పొడి కక్కి గుల్లబారిపోతుంది. అందుకని ముక్కను మొదట ఘాటైన మందుతో కడిగి, జిడ్డంతా వదిలించి, ఒక రసాయనం తొట్టిలో ముంచుతారు. పైకి తీసేసరికి దాని మీద లేత బంగారు రంగు పొర ఒకటి ఏర్పడి ఉంటుంది. అది ఎంత పలచనంటే చేత్తో తడిమితే తెలియదు. షెడ్డులో దాన్ని 'చర్మం' అంటారు. ఒక రోజు ఆరనిచ్చాక, పెయింటు వేసేవాళ్ళకు పంపేలోగా, దాని మీద పడ్డ దుమ్మూ వేలిముద్రలూ పోవడానికి ఇంకోసారి కడగాలి. ఈసారి మెత్తటి మందుతో కడగాలి. ఘాటుది తగిలితే దుమ్ముతో పాటు చర్మం కూడా ఊడిపోతుంది.

ఆ రెండు మందులూ ఒకే రకం నీలం డబ్బాల్లో వస్తాయి. అంటించిన కాగితాలు తడికి రెండో రోజే ఊడిపోతాయి. ఎప్పుడో ఎవరో ఒక డబ్బా మీద తెల్ల పెయింటుతో 'ము' అనీ, రెండోదాని మీద 'వె' అనీ రాశారు. చర్మం రాకముందు వాడేది ముందుది. వచ్చిన వెనక వాడేది వెనకది. ఇరవై ఏళ్ళుగా షెడ్డంతా అలాగే అంటోంది. ఆ మాటలో అంత గొయ్యి ఉందని ఒక్కరికీ తోచలేదు.

మూడు వారాల కిందటే అక్క తన ఆడపడుచును ఆ పనిలో పెట్టించింది. ఆడపడుచు పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డు మూతపడింది. అన్నగారింట్లో ఊరికే కూర్చుని తినలేక, ఆవిడ తోమిన గిన్నెల్నే మళ్ళీ తోముతోంది. "మా అమ్మాయి ఒకసారి చెప్తే చాలు, మళ్ళీ చెప్పక్కర్లేదు. పూచీ నాది" అని అక్క మేస్త్రికి మాటిచ్చింది. మేస్త్రి సరేనన్నాడు. ఆ మేస్త్రి అరిచే మనిషి కాదు. అరిచేవాడైతే అరిచి ఊరుకునేవాడు. రెండేళ్ళ కిందట సరకును ఒక తొట్టిలో ముంచబోయి ఇంకో తొట్టిలో ముంచిన ఒకాయన్ని, మధ్యాహ్నం పన్నెండు గంటలకి, టిఫిను డబ్బా చేతికిచ్చి, గేటు దాకా తనే మర్యాదగా సాగనంపి వచ్చాడు. ఆ నడక చూసినవాళ్ళెవరూ దాన్ని మర్చిపోలేదు.

ఆ వారం వచ్చిన పని అరవై గొళ్ళేలు. లాంచీ పైకప్పు మీద ఒక పెద్ద పీపాలో గాలితెప్పను మడిచి పెడతారు. లాంచీకి ప్రమాదం వస్తే గొళ్ళెం లాగాలి. పీపా నీళ్ళలో పడి తెప్ప విచ్చుకుంటుంది. గొళ్ళెం తుప్పుపట్టి బిగుసుకుపోయిందంటే తెప్ప పీపాలోనే ఉంటుంది, జనం నీళ్ళలో ఉంటారు. ఈ సంగతి అక్కకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడ మొగుడు అలాంటి లాంచీకే సరంగు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రోజూ ఆరుసార్లు జనాన్ని దాటిస్తాడు.

సోమవారం గొళ్ళేలకు చర్మం ఎక్కింది. బంగారు రంగు చక్కగా కుదిరింది. అక్క చూసి స్టాంపు వేసింది. ఒక ముక్కను ఆనవాయితీగా ఉప్పు పెట్టెలో పెట్టారు. ఆ పెట్టెలో ఉప్పునీటి తుంపర పొగమంచులా ఎప్పుడూ కమ్ముకునే ఉంటుంది. ఏడు రోజులు అందులో నిలబడితే సరకు మంచిదన్నట్టు.

మంగళవారం కడుగుడు. ఆ వారమంతా వెనకదానితోనే పని కాబట్టి, చేతికి అందుబాటులో ఉంటుందని అక్క 'వె' డబ్బాను అరలో ముందుకు లాగి, 'ము' డబ్బాను వెనక్కి నెట్టింది. తర్వాత ముఖానికి మాస్కు బిగించుకుని, మోచేతుల దాకా తొడుగులేసుకుని, తన తొట్టి దగ్గర నిలబడింది. గాలి తోడే ఫ్యాను హోరుమంటోంది.

"వదినా, ఈ గొళ్ళేలకి ఏది వాడను?" అని ఆడపడుచు అరిచింది.

అక్క తల కూడా తిప్పలేదు. "ముందుది వాడు!" అంది.

అంటే, అరలో ముందున్నది. కానీ ముందుది అంటే ఏమిటో మూడు వారాలుగా ఆ మనిషికి వల్లె వేయించింది ఈవిడే. ఆడపడుచు ముందున్న డబ్బాను పక్కకు జరిపి, వెనకాల నక్కి ఉన్న ముందుదాన్ని నడుం వంచి కష్టపడి బయటికి లాగింది.

బుధవారం పొద్దున అక్క నేల మీద నీళ్ళు కొట్టబోయి మూలనున్న బకెట్టును చూసింది. అందులో నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. పక్కన పడేసిన బ్రష్షు పచ్చగా ఉంది. తీగమీద ఆరేసిన గుడ్డ పచ్చగా ఉంది. ఆవిడ కాసేపు ఆ గుడ్డనే చూస్తూ నిలబడింది. ఆ రంగు ముక్కల మీద ఉండాలి. బకెట్టులో ఎందుకుంది? జవాబు తట్టింది.

పెయింటు గదికి పరిగెత్తింది. గొళ్ళేలు బూడిద రంగు పూసుకుని తీగలకు వరసగా వేలాడుతున్నాయి. పెయింటు చాలక మిగిలిపోయిన రెండు మాత్రం బల్లమీద ఉన్నాయి. వాటి మీద బంగారమూ లేదు, పాడూ లేదు. సుద్దముక్కల్లా పాలిపోయి ఉన్నాయి.

"ఈసారి సరుకు భలే శుభ్రంగా వచ్చిందక్కా, పెయింటు ఎంత చక్కగా పట్టిందో చూడు" అన్నాడు పెయింటు వేసే మనిషి.

అక్క ఆ రెండు ముక్కల్నీ జేబులో వేసుకుని వచ్చేసింది.

ఆడపడుచు కుళాయి దగ్గర తొడుగులు కడుక్కుంటోంది.

"అమ్మడూ, నిన్న ఏ డబ్బా వాడావు?"

"ముందుదే వదినా. నువ్వు చెప్పావుగా."

"ముందుది అంటే?"

"ముందుదంటే ముందుదే. 'ము' అని రాసుంది. వెనక్కెక్కడికో పోయింది, వెతికి తీశాను." ఆవిడ ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది. "ఎంత మురికుందనుకున్నావ్! తోమేకొద్దీ పచ్చగా కారుతూనే ఉంది. తెల్లబడేదాకా వదల్లేదు."

అక్క కుళాయి దిమ్మ మీద కూర్చుండిపోయింది. వదిన ముఖం చూసి ఆడపడుచు ముఖమూ పాలిపోయింది. సంగతి వినేసరికి ఆవిడ తొడుగులు కుళాయి కిందే వదిలేసి వదిన చేయి పట్టుకుంది.

"పెయింటు పడిపోయిందిగా వదినా, ఇక ఎవరికి తెలుస్తుంది? నన్ను గేటు దాకా నడిపిస్తారు వదినా. నీకు దండం పెడతాను, చెప్పకు."

"నేనన్న మాటకి నిన్నెందుకు నడిపిస్తారు?"

"అయితే నిన్ను నడిపిస్తారు" అంది ఆడపడుచు.

ఇక్కడ అక్కను మరీ ధీరురాలిగా చెప్పి అబద్ధమాడటం ఎందుకు? ఆవిడకు భయం వేసింది. చెప్పకుండా ఉండే దారి ఏదైనా ఉందేమోనని వెతికింది. ఉప్పు పెట్టెలో ఉన్నది కడగకముందు తీసిన ముక్క. అది సోమవారానికి నిక్షేపంగా నెగ్గుతుంది. దాన్ని చూసి మేస్త్రి సంతకం పెడతాడు. సరకు లారీ ఎక్కుతుంది. అడ్డుపడగలిగింది తన నోరొక్కటే. ఆ నోరు తెరవాలా వద్దా అన్నది తేల్చుకోలేక, జేబులోంచి ఒక ముక్క తీసి, ఉప్పు పెట్టె చూసుకునే ఆయన దగ్గరికెళ్ళి, ఇది కూడా ఒక మూల పెట్టమంది. ఆయన్ని షెడ్డులో ఉప్పాయన అంటారు.

"దేనికక్కా?"

"ఊరికేలే."

మనసులో మాత్రం బేరం పెట్టుకుంది. ఇది నిలబడితే నోరు మూసుకుంటాను. ఒక్క పొర పోయినంత మాత్రాన మునిగిపోతుందా? మధ్యాహ్నానికి ఆ బేరం మీద ఎంత నమ్మకం పెంచుకుందంటే, రెండు బిస్కెట్లు తినగలిగింది.

గురువారం మధ్యాహ్నం ఉప్పాయన పెట్టె మూత ఎత్తాడు. తెల్లటి తుంపర చెదిరాక ముక్కలు కనబడ్డాయి. సోమవారం పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని పక్కనున్నదాని మీద తెల్లటి పొక్కులు లేచాయి. పొక్కుల కింద తెల్లగా చారలు జారాయి. గొళ్ళెం నాలుక ఆడాల్సిన గాడిలో పొడి కూరుకుపోయింది. అక్క తొడుగు వేలితో ఆ నాలుకను కదిపి చూసింది. కదలనైతే కదిలింది గానీ, కరకరమంది.

"ఒక్క రోజుకే చచ్చిందేంటక్కా ఇది?" అన్నాడు ఉప్పాయన. కళ్ళద్దాల పైనుంచి ఆవిడకేసి చూశాడు. "ఊరికే పెట్టిందేగా. అయితే పుస్తకంలో రాయన్లే."

ఆయన మంచికే అన్నాడు. ఆ మంచితనం ఆవిడకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. మేస్త్రి అద్దాల గది దాకా రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ తలుపు పిడి పట్టుకుని వెనక్కి వచ్చింది. రెండోసారి తిరిగేసరికి అరల పక్క నుంచి ఆడపడుచు కళ్ళప్పగించి చూస్తోంది.

సాయంత్రం సరంగు పెందలాడే ఇంటికొచ్చాడు. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆయనకు తింటూ కబుర్లు చెప్పే అలవాటు.

"ఏమే, నీ గొళ్ళేలు మా లాంచీ ఎక్కాయి, తెలుసా?"

అక్క చేయి కంచంలో ఆగిపోయింది.

"కొలతలు సరిపోతాయో లేదో చూడమని మీవాళ్ళు నిన్న రెండు పంపారు. సరిగ్గా సరిపోయాయి. మళ్ళీ ఊడదీయడం ఎందుకని వాటినే ఉంచేశాం. పాతవాటితో ప్రాణం విసిగిపోయిందనుకో. మొన్న తెప్ప దింపే కసరత్తులో సుత్తితో కొడితే గానీ ఊడలేదు. ఇక బెంగ లేదు."

అక్క తల ఎత్తితే ఎదురుగా ఆడపడుచు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, వద్దు వదినా, వద్దు అన్నట్టు కనబడీ కనబడకుండా తల ఊపుతోంది. అక్క పెదవి కదిపింది, మళ్ళీ మూసేసింది. ఒక రోజులో, రెండు రోజుల్లో గొళ్ళెం బిగుసుకుపోదని ఆవిడకు తెలుసు. లాంచీ రేపే మునిగిపోదనీ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం ఊరుకుంటుందా? సరంగు ఇంకో వడ్డన అడిగి తృప్తిగా తిన్నాడు.

శుక్రవారం పొద్దున, ఆయన లాంచీకి బయలుదేరి వెళ్ళాక, ఆవిడ ఎవరితోనూ ఏమీ అనకుండా గబగబా నడిచి షెడ్డుకు వచ్చింది. ఉప్పు పెట్టెలోని ముక్కనూ, జేబులో మిగిలిన ముక్కనూ తెచ్చి మేస్త్రి బల్లమీద పెట్టింది. మొత్తం చెప్పేసింది.

మేస్త్రి అరవలేదు. పొక్కులు లేచిన ముక్కను గోటితో గీకాడు.

"ఎవరు కడిగారు?"

"నేను చెప్తే కడిగింది. తప్పు నా నోటిది."

"ఎవరు కడిగారని అడిగాను."

"ఎవరు చెప్పారని అడగండి మేస్త్రిగారూ."

ఆయన లేచి అరల దగ్గరికి నడిచాడు. అక్క వెనకే వెళ్ళింది. డబ్బాలు రెండూ మంగళవారం అక్క సర్దినట్టే, 'వె' ముందూ 'ము' వెనకా ఉన్నాయి. మేస్త్రి పెయింటు మనిషిని పిలిచి, "ముందుది ఇటివ్వు" అన్నాడు. అతను చటుక్కున ముందున్న డబ్బా తీసిచ్చాడు. దాన్ని యథాస్థానంలో పెట్టి, ఆడపడుచును పిలిచి అదే మాట అన్నాడు. ఆవిడ చేయి చాచింది. చేయి ఒక డబ్బా మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి రెండోదాని మీదికి వెళ్ళి, రెంటి మధ్యా గాలిలో ఆగిపోయింది.

"ఏ ముందు సార్?" అంది, ఏడుపు గొంతుతో.

మేస్త్రి ఆ చేతికేసే చూశాడు.

"ఈ మాట మంగళవారం అడిగుంటే బాగుండేదమ్మా" అని అక్కవైపు తిరిగాడు. "గొళ్ళేలు అరవై. పెట్టెలో ఒకటి, తీగల మీద యాభై ఐదు, నువ్వు తెచ్చినవి రెండు. ఇంకో రెండేవి?"

"మా ఆయన లాంచీ మీద."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నిన్న సాయంత్రం నుంచి."

"తెలిసీ పొద్దున ఆయన్ని వెళ్ళనిచ్చావు."

మేస్త్రి చెయ్యి చాచాడు. ఆవిడ మెళ్ళోంచి తాడు తీసి స్టాంపు ఆ చేతిలో పెట్టింది. పద్దెనిమిదేళ్ళ బరువు దిగినా మెడ తేలికపడలేదు. "స్క్రూడ్రైవరు తీసుకుని ఆ రెండూ ఊడదీసి పట్రా. తర్వాత మిగతా సంగతి" అన్నాడు మేస్త్రి.

ఆవిడ రేవుకు చేరేసరికి పది దాటింది. పదింటికి రావాల్సిన లాంచీ రాలేదు. గాలి ఎక్కువగా ఉంది. నీళ్ళు రేవు మెట్ల మీదికి ఎగజిమ్ముతున్నాయి. టికెట్లిచ్చే మనిషిని అడిగితే, "గాలికి ఆలస్యమమ్మా, రోజూ ఉండేదే" అన్నాడు. పది పదయింది. పదింబావు అయింది. రోజూ ఉండేదే అని ఆవిడా తనకు తాను చెప్పుకుంది. కళ్ళు మూసుకుంటే పీపా కనిపిస్తోంది, పీపా పక్కన ఆయన చేయి కనిపిస్తోంది, ఆ చేయి లాగుతోంది, గొళ్ళెం కరకరమంటోంది. నిన్న ఒక్క మాట, అన్నం ముందు ఒకే ఒక్క మాట అనుంటే! నాలుక కోసుకోవాలనిపించింది. మెట్ల కమ్మీని ఎంత గట్టిగా పట్టుకుందో ఆవిడకు తెలియదు. అరచేతిలో దాని అచ్చు మర్నాటి దాకా ఉంది.

పదిన్నరకు లాంచీ కనబడింది. మామూలుగా, తాపీగా, ఏమీ జరగనట్టు వచ్చి రేవుకు ఆనింది. ఏమీ జరగనేలేదు మరి. జనం సంచులు సర్దుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ దిగిపోయారు.

"ఇదేంటే, నువ్విక్కడ?" అన్నాడు సరంగు.

ఆవిడ జవాబు చెప్పకుండా పైకప్పు నిచ్చెనెక్కింది. రెండో గొళ్ళెం పీపాను పట్టుకునే ఉంటుంది గనక, ఒక గొళ్ళెం లాగింది. టక్కున ఊడి వచ్చింది. ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. అప్పుడు గాడిని వెలుతురుకు తిప్పి చూసింది. పెయింటు అందని లోపలి మూలన, రెండే రెండు రోజులకు, ఆవగింజంత తెల్లటి పొడి. వేలితో రాస్తే వేలికి అంటింది. ఆ వేలు మొగుడికి చూపించి, అక్కడే కూర్చుని, జరిగిందంతా చెప్పింది. నిన్న కంచం ముందు నోరు మూసుకున్న సంగతి కూడా దాచలేదు.

సరంగు వంగి ఆ గాడిలోకి చూశాడు.

"కొత్త సామాను ఏదొచ్చినా పదిసార్లు లాగి చూసిగానీ బిగించనే నేను" అన్నాడు. "వీటిని ఒక్కసారి కూడా లాగలేదు. చీటీ మీద నీ స్టాంపు ఉందిగా."

ఆవిడ తలొంచుకుని స్క్రూలు తిప్పింది. కళ్ళు మసకబారి రెండుసార్లు చెయ్యి జారింది. ఆయన పాత గొళ్ళేలూ సుత్తీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

మేస్త్రి ఎవర్నీ గేటు దాకా నడిపించలేదు. వదినా ఆడపడుచులిద్దరూ తొమ్మిది రోజులు కూర్చుని అన్ని గొళ్ళేల పెయింటూ వదిలించి, మళ్ళీ చర్మం ఎక్కించారు. డబ్బాల మీద 'ము', 'వె' చెరిపేసి, 'చర్మానికి తగలకూడదు' అని ఒకదాని మీదా, 'చర్మానికి మంచిది' అని రెండోదాని మీదా పూర్తిగా రాయించారు. ఏడాది తిరిగాక మేస్త్రి స్టాంపు తిరిగి ఇవ్వబోతే అక్క తీసుకోలేదు. ఇప్పుడది ఆడపడుచు మెళ్ళో ఉంది. ఆవిడ అర్థంకాని మాట వినబడితే ఫ్యాను ఆపించి మరీ అడుగుతుంది.

అక్క దగ్గర మాత్రం ఎవరైనా 'ముందు' అన్నారా, చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. "ఏ ముందు?" అంటుంది. "చోటా? వేళా?" చెప్పిందాకా కదలదు. కుర్రకారు నవ్వుతారు. పేరు పెట్టిందీ వాళ్ళే. ఇంట్లో సరంగు కూడా, "ముందు అన్నం పెట్టవే" అని కావాలనే అని, ఆవిడ ఉలిక్కిపడితే నవ్వుతాడు.

కానీ పొద్దున్న ఆయన చెప్పులేసుకునేటప్పుడు నవ్వడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, రోజూ అడిగే మాటే అడుగుతుంది.

"లాగి చూస్తారుగా?"

"చూస్తానే."

"స్టాంపున్నా?"

"ఉన్నా చూస్తాను."